మెదడులో గడ్డ: నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు నుంచి మెదడు జబ్బుతో హైదరాబాద్ వచ్చే కుటుంబాలను ఇవే అనుమానాలు పీడిస్తుంటాయి. ఓపీ వరండాలో అడిగేవీ ఇవే, రాత్రి పది గంటలకు ఫోన్ చేసి అడిగేవీ ఇవే. అందుకే ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచి, ఏ దశలో వచ్చే అనుమానాన్ని ఆ దశ కింద పెట్టాను. మొదటి నుంచి చదవాల్సిన పనిలేదు. మీ స్కాన్ చూసిన డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

## అనుమానం వచ్చినప్పుడు

నెల రోజుల నుంచి తలకాయ నొప్పి. బ్రెయిన్ ట్యూమరేమో అని నిద్ర పడతలేదు. నిజంగా అదేనా?

అయి ఉండే అవకాశం చాలా తక్కువ. తలనొప్పుల్లో ఎక్కువ భాగం మైగ్రేన్, టెన్షన్, నిద్ర చాలకపోవడం వల్ల వచ్చేవే. ఏళ్ల తరబడి ఒకే తీరుగా వచ్చిపోయే ఒంటితలనొప్పికి ఇంత భయం అక్కర్లేదు. తీరు మారిన నొప్పిని మాత్రం పట్టించుకోవాలి. తెల్లవారుజామున నిద్రలోంచి లేపే నొప్పి, లేవగానే ఎక్కువగా ఉండి వాంతి అయ్యాక కాస్త తెరిపినిచ్చే నొప్పి, దగ్గినా ముక్కినా పెరిగే నొప్పి, వారం వారం ముదిరే నొప్పి ఇలాంటివి. దానికి తోడు చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒక చేయి పట్టు తప్పినా, మాట తడబడినా స్కాన్ ఆలస్యం చేయొద్దు.

స్కాన్‌కు టైం పట్టేలా ఉంటే ఈలోపు దగ్గర్లోని కంటి డాక్టరుకు చూపించండి. తలలో ఒత్తిడి పెరిగితే కంటి వెనక నరం ఉబ్బుతుంది. చుక్కల మందు వేసి చూస్తే అది కనబడుతుంది. అద్దాలు మార్పించుకుందామని పోతే అక్కడ జబ్బు బయటపడ్డవాళ్లున్నారు. నరం బాగానే ఉందంటే గడ్డ లేనట్టేనని మాత్రం అనుకోవద్దు.

ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించినం, నొప్పి తగ్గింది. ఇంక స్కాన్ ఎందుకు?

ఆ సూదిలో ఏముందో అడిగారా? చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. గడ్డ చుట్టూ చేరిన వాపును అది గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో దించుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, మందు ప్రభావం తగ్గగానే నొప్పి తిరిగి వస్తుంది. సూదితో తగ్గడం, మళ్లీ రావడం రెండు మూడుసార్లు జరిగితే ఇంకో సూది వేయించకండి, స్కాన్ తీయించండి. ఊళ్లో రాత్రిపూట దిక్కు ఆర్‌ఎంపీయేనని నాకూ తెలుసు, తప్పుపట్టడం లేదు. ఏ మందు ఇచ్చారో చీటీ మీద రాయించుకుంటే తర్వాత చూసే డాక్టరుకు పనికొస్తుంది.

మా తమ్ముడికి ముప్పై ఐదేండ్లు. ఎన్నడూ లేంది మొన్న ఫిట్స్ వచ్చింది. గడ్డ ఉన్నట్టేనా?

ఉన్నట్టేనని చెప్పలేం, లేదని వదిలేయలేం. పెద్దయ్యాక మొదటిసారి ఫిట్స్ వస్తే మెదడు స్కాన్ తప్పనిసరి. గడ్డతో పాటు టీబీ, మెదడులో చేరిన పురుగు, పాత దెబ్బ, రక్తంలో షుగర్ లేదా సోడియం పడిపోవడం, ఇవన్నీ ఫిట్స్ తెప్పిస్తాయి.

మన వైపు ఇంకో కారణం ఉంది, ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గర నోరు విప్పరు. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ రావచ్చు. రోజూ కల్లు తాగే మనిషైతే ఎంత తాగుతాడో, ఎప్పుడు మానేశాడో ఉన్నదున్నట్టు చెప్పండి. పోలీసు కేసేమీ కాదు. చెప్పకపోతే వైద్యం దారి తప్పుతుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టాల్నా? ఉల్లిగడ్డ వాసన చూపించాల్నా?

ఏదీ అక్కర్లేదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ బయటికి కారిపోతుంది. తల కింద తువ్వాలు మడిచి పెట్టండి, మెడ దగ్గర గుండీ విప్పండి, పక్కనున్న రాళ్లూ పనిముట్లూ జరపండి. నోట్లో చెంచా, వేళ్లు, నీళ్లు పెట్టొద్దు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టొద్దు. ఫోన్లో టైం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైనా 108కి ఫోన్ చేయండి. పక్కన ఇంకో మనిషి ఉంటే వీడియో తీయమనండి. ఫిట్స్ ఏ చేతి నుంచి మొదలైందో ఆ వీడియోలో చూస్తే మెదడులో ఏ వైపు తేడా ఉందో డాక్టరు అంచనా వేయగలరు.

మా అమ్మ మనిషే మారిపోయింది. ఊకె కూసుంటది, ఎవరితో మాట్లాడది. గాలి సోకిందంటున్నరు.

మెదడు ముందు భాగంలో పెరిగే గడ్డలు చాలాకాలం నొప్పి తెలియనివ్వవు. మనిషి తీరునే మారుస్తాయి. చురుకైన మనిషి మందకొడిగా అయిపోవడం, వంటలో ఉప్పు రెండుసార్లు వేయడం, సిగ్గు లేకుండా మాట్లాడడం, ఉన్నచోటే మూత్రం పోవడం, కారణం లేకుండా తిట్టడం ఇవన్నీ అందులో భాగమే. డిప్రెషన్, థైరాయిడ్, మతిమరుపు జబ్బులు కూడా ఇలాగే కనబడతాయి కాబట్టి చూపించకుండా ఏదీ తేలదు. దర్గాకు తీసుకెళ్లండి, తాయత్తు కట్టించండి, మీ నమ్మకం మీది. ఆ వారమే స్కాన్ కూడా తీయించండి. బాణామతి పేరుతో పొరుగువాళ్ల మీద అనుమానం పెట్టుకుని నెలలు గడిపిన ఇళ్లలో, తీసేస్తే నయమయ్యే గడ్డ చూపు పోయేదాకా పెరిగిన సందర్భాలున్నాయి.

మా బాబుకు ఏడేండ్లు. పొద్దున లేవంగనే కక్కుతడు, బడికి పోయే టైంకి మామూలైతడు. నాటకమా?

నాటకమని కొట్టేముందు వాడు నడిచేటప్పుడు చూడండి. తూలుతున్నాడా, కాళ్లు ఎడంగా వేస్తున్నాడా, తల ఒక పక్కకు వాల్చి చూస్తున్నాడా, కొత్తగా మెల్లకన్ను వచ్చిందా? పిల్లల్లో గడ్డలు ఎక్కువగా చిన్నమెదడు దగ్గర వస్తాయి. అక్కడ నీరు పారే దారి మూసుకుపోయి తలలో నీరు చేరుతుంది, పొద్దున వాంతులు అందుకే. చంటిపిల్లల్లో తల చుట్టుకొలత పెరగడం, మాడు ఉబ్బడం కనిపిస్తుంది. పొట్టలో పురుగులని, గ్యాస్ అని మందులు మారుస్తూ రెండు వారాలు దాటనివ్వొద్దు. పిల్లల మెదడు గడ్డల్లో వైద్యానికి బాగా లొంగేవి చాలా ఉన్నాయి.

నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగితే మెదడులో గడ్డలొస్తయా?

ఫ్లోరైడ్ మెదడులో గడ్డలు పుట్టిస్తుందని రుజువు లేదు. అయితే మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్నెముక ఎముకలు మందమై వెన్నుపామును నొక్కుతాయి. కాళ్లు బిగుసుకుపోయి, పట్టు తప్పి, నడక పోతుంది. అది చూసి మెదడులో గడ్డ అనుకుని వచ్చేవాళ్లున్నారు. రెండు కాళ్లూ ఒకేలా బలహీనపడి, ముఖం, మాట, తెలివి బాగుంటే డాక్టరు ముందు మెడ, వెన్ను స్కాన్ అడగవచ్చు. తలలో గడ్డ అని వస్తే మెడకు తీశారేంటని గొడవపడకండి.

సెల్‌ఫోన్ వల్ల, టవర్ వల్ల వస్తదంట కదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను ‘కారకం కావచ్చు’ అనే జాబితాలో పెట్టింది, అప్పటి నుంచి ఈ భయం పోలేదు. తర్వాత జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2024లో చేసిన సమీక్షలో సెల్‌ఫోన్‌కూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు. గట్టిగా రుజువైన కారణాలు రెండే. చిన్నప్పుడు తలకు ఎక్కువ మోతాదులో రేడియేషన్ తగలడం ఒకటి, న్యూరోఫైబ్రోమటోసిస్ లాంటి అరుదైన వంశపారంపర్య జబ్బులు రెండోది. ఎక్కువమందిలో కారణం ఇదని వేలెత్తి చూపలేం. తలకు నూనె రాయకపోవడం, ఎక్కువ చదవడం, బాధ దిగమింగుకోవడం వల్ల రాదు. ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవద్దు.

## స్కాన్ తీశాక

సీటీ చాలదా? మళ్లీ ఎమ్మారై ఎందుకు రాస్తున్నరు?

సీటీ నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, తలలో నీరు, పెద్ద గడ్డ పట్టేస్తుంది, ఎమర్జెన్సీలో అదే ముందు. చిన్న గడ్డలు, చిన్నమెదడు, మెదడు కాండం దగ్గరివి, గడ్డ అంచు ఎక్కడిదాకా ఉందన్నది ఎమ్మారైలోనే స్పష్టంగా తెలుస్తుంది. ఆపరేషన్ చేసే డాక్టరుకు అదే పటం. అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి, సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది, కానీ అందులో రేడియేషన్ ఉండదు. ఒంట్లో పేస్‌మేకర్, రాడ్లు, కంట్లో ఇనుప ముక్క ఉంటే ముందే చెప్పండి. కాంట్రాస్ట్ (గడ్డ స్పష్టంగా కనబడడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చేముందు కిడ్నీ పరీక్ష అడుగుతారు. ఫిలిం ఒక్కటే తెచ్చుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. ఇంకో ఆసుపత్రిలో రెండోసారి డబ్బు కట్టే బాధ తప్పుతుంది.

రిపోర్టులో గడ్డ అని రాసిండ్రు. అంటే క్యాన్సరేనా?

కాకపోవచ్చు. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమా, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గడ్డ, చెవి నరం మీది ష్వానోమా, వీటిలో అత్యధికం క్యాన్సర్ కావు. మెల్లగా పెరుగుతాయి, పూర్తిగా తీసేస్తే తిరిగి రాకపోవచ్చు. మెదడు కణాల నుంచే పుట్టే గ్లయోమాల్లో కొన్ని నెమ్మదివి, కొన్ని దూకుడైనవి. ఇంకొన్ని వేరే చోటి క్యాన్సర్ నుంచి వచ్చినవి. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు మెదడుకు ఎక్కువగా పాకుతాయి కాబట్టి ఛాతీ, పొట్ట స్కాన్ కూడా రాస్తారు.

మొదటి స్కాన్ చూసిన రోజే పొలం బేరం పెట్టినవాళ్లను చూశాను, ‘ఇంక బతకడు’ అని బండెక్కించి ఇంటికి తీసుకుపోయినవాళ్లనూ చూశాను. ఆ కాగితం మీద ఉండేది రేడియాలజిస్టు అంచనా. ముక్క తీసి పరీక్షించి, అదేమిటో తేలేదాకా ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోవద్దు.

టీబీ గడ్డ అని ఒకరు, పురుగు గడ్డ అని ఇంకొకరు అంటున్నరు. మందులతో పోతదా?

రెండూ మన దేశంలో ఎక్కువే, రెండూ స్కాన్‌లో ట్యూమర్‌లా కనబడి భయపెడతాయి. టీబీ గడ్డ అయితే టీబీ మందులు సాధారణంగా ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పురుగు గడ్డ పంది మాంసం తినేవాళ్లకే వస్తుందనుకుంటారు. బద్దెపురుగు గుడ్లు అంటిన పచ్చి కూరగాయలు, మురికి నీళ్ల ద్వారా శాకాహారులకూ వస్తుంది. ఆల్బెండజోల్‌తో పాటు స్టెరాయిడ్, ఫిట్స్ మందు కలిపి ఇస్తారు. మెడికల్ షాపులో పురుగుల మాత్ర కొని సొంతంగా వేసుకోవద్దు. పురుగు చచ్చేటప్పుడు వాపు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

గ్రేడ్ అంటే ఏంది? స్టేజీ అదేనా?

వేరు. వేరే క్యాన్సర్లలో స్టేజీ అంటే ఎంత దూరం పాకిందన్నది. మెదడు గడ్డకు 1 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తారు, అది దాని దూకుడును చెబుతుంది. ఇప్పుడు మైక్రోస్కోపుతో పాటు ఐడీహెచ్ లాంటి జన్యు పరీక్షలు కూడా చూసి పేరు పెడతారు. బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు రెండు మూడు వారాలు పట్టడానికి అదొక కారణం.

## ఆపరేషన్, కరెంటు, మందులు

తల తెరిస్తే చేయి కాలు పడిపోతయంట. చేయించకుంటేనే మంచిదా?

ఆ ప్రమాదం అబద్ధం కాదు. కానీ చాలామందిలో చేయీ కాలూ పట్టు తప్పేది గడ్డ వల్లే, ఆపరేషన్ చేయించకపోతే అది ఆగదు. ప్రమాదం ఎంతన్నది గడ్డ ఉన్న చోటును బట్టి ఉంటుంది. మాట కేంద్రానికి ఆనుకుని ఉంటే రోగి మెలకువగా ఉండి మాట్లాడుతుండగానే ఆపరేషన్ చేసే పద్ధతి ఉంది. మెదడుకు నొప్పి తెలియదు, చర్మానికి మత్తు ఇస్తారు. పిట్యూటరీ గడ్డలను చాలావరకు ముక్కులోంచి తీస్తారు, తల మీద కోత ఉండదు.

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో వాపు వల్ల బలహీనత ముందుకంటే పెరగవచ్చు, ఫిజియోథెరపీతో వారాల్లో తేరుకునేవాళ్లు ఎక్కువ. సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఈ గడ్డ ఉన్న చోటులో, ఈ మనిషికి, ఏది పోయే ప్రమాదం ఉంది?’ ‘మంచిగైతదా’ అని అడిగితే మంచిగైతదనే జవాబే వస్తుంది.

మొత్తం తీయలేదు, కొంత వదిలేసినం అన్నరు. పైసలు తీసుకుని సగం పనా?

కొన్ని గడ్డలకు గీత గీసినట్టు అంచు ఉండదు, మంచి మెదడులోకి కలిసిపోయి ఉంటాయి. పూర్తిగా తీయబోతే మాటో చూపో పోతుంది. అలాంటప్పుడు ప్రమాదం లేనంతవరకు తీసి మిగిలినదానికి కరెంటు (రేడియేషన్) పెడతారు. ఎంత మిగిలిందో తెలియడానికి ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఎమ్మారై తీస్తారు, ఆ ఫిలిం అడిగి చూపించుకోండి.

ముక్క తీస్తే గడ్డ ఒళ్లంతా పాకుతదని మా పెద్దనాయిన వద్దంటున్నడు.

పాకదు. మెదడులో పుట్టిన గడ్డలు ఒంట్లో వేరే చోటికి పోవడమే చాలా అరుదు. బయాప్సీలో ఉన్న అసలు ప్రమాదం రక్తస్రావం, అదీ కొద్దిమందిలోనే.

ఆపరేషన్ వద్దు, ఆరు నెలలకు మళ్లీ ఎమ్మారై అన్నరు. మమ్మల్ని పట్టించుకోలేదా?

చిన్న మెనింజియోమా, అనుకోకుండా కనబడినది, పెద్దవయసు మనిషిలో ఇబ్బంది పెట్టనిది అయితే చూస్తూ ఉండడమే సరైన వైద్యం. కొన్ని ఏళ్లు గడిచినా పెరగవు. ప్రొలాక్టినోమా అనే పిట్యూటరీ గడ్డ కాబర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతుంది. నెలసరి ఆగి, పాలిచ్చే తల్లి కాకపోయినా పాలు కారితే దీన్ని అనుమానిస్తారు. ఆరు నెలల తేదీని మాత్రం మరిచిపోవద్దు. ముంబై, పుణె పనులకు వెళ్లేవాళ్లు సీడీ వెంట తీసుకుని అక్కడే తీయించుకోవచ్చు.

కరెంటు పెడితే కాలుతదా? ఇంట్ల చిన్నపిల్లలున్నరు, దగ్గరికి రానీయొచ్చా?

రానీయొచ్చు, ఎత్తుకోవచ్చు. బయటి నుంచి యంత్రంతో పెట్టే రేడియేషన్ మనిషి ఒంట్లో నిలవ ఉండదు. పడుకోబెట్టి, ముఖానికి కొలత ప్రకారం చేసిన ప్లాస్టిక్ మాస్కు బిగిస్తారు, తల కదలకుండా. పెట్టేటప్పుడు నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. దూకుడైన గ్లయోమాకు సాధారణంగా వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. ఆ భాగంలో జుట్టు రాలుతుంది, మూడో వారం నుంచి నీరసం, నిద్రమత్తు ఎక్కువవుతాయి. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో రోజూ బస్సులో పోయిరావడం మొదటి వారం బాగానే అనిపిస్తుంది, మూడో వారానికి మనిషి కూలబడతాడు. హైదరాబాద్‌లో చుట్టాలింట్లోనో, ఆసుపత్రి దగ్గరి వసతిలోనో ఉండే ఏర్పాటు ముందే చూసుకోండి.

గ్లయోబ్లాస్టోమా అన్నరు. నిజం చెప్పండి, ఎన్ని రోజులు?

ఇది గ్రేడ్ 4, పెద్దవాళ్లలో వచ్చే మెదడు క్యాన్సర్లలో అన్నిటికంటే మొండిది. 2005లో వెలువడిన పెద్ద పరిశోధన ఆధారంగానే ఇప్పటికీ వైద్యం సాగుతోంది. అందులో కరెంటుతో పాటు టెమోజోలమైడ్ మాత్రలు ఇచ్చినవాళ్లలో సగం మంది 14.6 నెలలు దాటి బతికారు. కరెంటు ఒక్కటే ఇచ్చినవాళ్లలో అది 12.1 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు మాత్రలు వాడినవాళ్లలో నాలుగో వంతుకు కొద్దిగా ఎక్కువ, వాడనివాళ్లలో పదో వంతు. వయసు తక్కువై, గడ్డ ఎక్కువ భాగం తీయగలిగి, గడ్డ ముక్క మీద చేసే ఎంజీఎంటీ అనే జన్యు పరీక్ష అనుకూలంగా వస్తే అవకాశం మెరుగు.

నా అభిప్రాయం అడిగితే, ఈ జబ్బుకు ఉన్న ఒక్క ఎకరం అమ్మి కార్పొరేట్ ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పనిలేదు. ఇదే ఆపరేషన్, ఇదే కరెంటు, ఇవే మాత్రలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ ఉన్నాయి. రోగికి చెప్పాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చుకునేముందు అతను ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అతన్నే అడగండి. బాకీలు, పాస్‌బుక్కులు, పిల్ల పెళ్లి మాట, ఇవన్నీ తెలివి బాగున్నప్పుడే మాట్లాడుకునే హక్కు అతనిది.

కీమో మాత్రలు ఇంట్లనే వేసుకోమన్నరు. సెలైన్ ఎక్కించకుంటే పనిచేస్తయా?

టెమోజోలమైడ్ నోటి మాత్రే, మెదడులోకి చేరుతుంది. ఖాళీ కడుపుతో, వాంతుల మాత్ర వేసుకున్న తర్వాత వేసుకోవాలి. గొట్టం మాత్రను విప్పొద్దు, నమలొద్దు. చెప్పిన రోజుకు రక్తపరీక్ష తప్పించొద్దు, ప్లేట్‌లెట్లు పడిపోతే మోతాదు ఆపాల్సి వస్తుంది. జ్వరం వస్తే డోలోతో సరిపెట్టకుండా అదే రోజు ఫోన్ చేయండి.

## ఎక్కడికి పోవాలి, డబ్బెట్లా

మా జిల్లాలోనే అయితదా, హైదరాబాదే పోవాల్నా?

మొదటి పరీక్ష, సీటీ, ఫిట్స్ అదుపు చేయడం జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మొదలుపెట్టవచ్చు. మహబూబ్‌నగర్‌లో కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి. గడ్డ ఆపరేషన్‌కు ఎక్కువమంది పంజాగుట్ట నిమ్స్, గాంధీ, ఉస్మానియాలకు వెళ్తారు. కరెంటు, కీమోకు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలివి తప్పుతూ ఉంటే ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఆరోగ్యశ్రీ వర్తిస్తదా?

మెదడు గడ్డ ఆపరేషన్, రేడియేషన్, కీమో ఆ పథకం జాబితాలో ఉన్నాయి. 2007 ఏప్రిల్‌లో ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో కుటుంబానికి పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. రేషన్ కార్డు, రోగి ఆధార్ ఒరిజినల్స్ తీసుకెళ్లి, డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ముందు కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే తిరిగి రాబట్టడం కష్టం. అనుమానాలుంటే 104కి ఫోన్ చేయండి. పథకంలోకి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి కింద ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు పెడతారు, దానికి ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం కావాలి.

## ఇంటికొచ్చాక

మంచిగున్నడు కదా, స్టెరాయిడ్, ఫిట్స్ మాత్రలు ఆపొచ్చా?

రెండూ సొంతంగా ఆపొద్దు. స్టెరాయిడ్ వారాల తరబడి వాడాక ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు, మెల్లగా తగ్గించాలి. తిన్న తర్వాత పొద్దున, మధ్యాహ్నం వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. షుగర్ లేనివాళ్లకూ షుగర్ పెరుగుతుంది, చూపించుకోండి. ఫిట్స్ మందు లెవెటిరాసెటామ్ మొదలయ్యాక కొందరికి కోపం ముంచుకొస్తుంది. అన్నం పళ్లెం విసిరేసేదాకా పోతే అది మనిషి గుణమనుకోకుండా డాక్టరుకు చెప్పండి, మందు మార్చవచ్చు.

మా ఆయన గీత కార్మికుడు. మళ్లీ తాడు ఎక్కొచ్చా? బండి నడపొచ్చా?

ఫిట్స్ వచ్చిన మనిషి తాటిచెట్టు ఎక్కొద్దు. డాక్టరు సరేననేదాకా బండి, ట్రాక్టర్ నడపడం, బావిలో ఈత, రాత్రి ఒంటరిగా మోటారు పెట్టడానికి పోవడం, అన్నీ ఆపాలి. పొయ్యి దగ్గర ఇంకొకరు ఉండాలి. జీవనాధారం పోతుందన్నది నిజమే. బలహీనత మిగిలిపోతే వైకల్య సర్టిఫికెట్‌కు ప్రయత్నించండి, పింఛన్‌కు అదే ఆధారం.

పథ్యం ఏముంది? మాంసం, వంకాయ, పెరుగు మానిపించినం.

మానాల్సిన పనిలేదు. కుట్లు మానడానికి మాంసకృత్తులు కావాలి, గుడ్డు, పప్పు, చికెన్ పెట్టండి. కల్లు, మందు మాత్రం వద్దు, ఫిట్స్ మందుతో అసలే పడవు. పసర్లు తాగించేవాళ్లు కీమో రోజుల్లో ఆపండి, లివర్ దెబ్బతింటే కీమో ఆపాల్సి వస్తుంది.

ఏ గుర్తులు కనబడితే అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకపోవాలె?

లేపినా లేవని మత్తు, ఆగని వాంతులు, కొత్తగా చేయి కాలు పడిపోవడం, కుట్ల దగ్గర నీరు లేదా చీము కారడం, మెడ బిగుసుకుని జ్వరం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం. తలలో నీరు తీసే గొట్టం వేసినవాళ్లలో తలనొప్పి, వాంతులు మళ్లీ మొదలైతే గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి.

ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకపొమ్మన్నరు. ఇంట్ల ఏం చేయాలె?

గడ్డకు వైద్యం ఆగినా మనిషికి వైద్యం ఉంటుంది. డిశ్చార్జికి ముందే పాలియేటివ్ కేర్‌కు (బాధ తగ్గించే వైద్యానికి) రాయించుకోండి. జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పాలియేటివ్ వార్డులున్నాయి, ‘ఆలన’ పేరుతో బృందాలు ఇంటికి కూడా వస్తాయి. తలనొప్పికి స్టెరాయిడ్, నొప్పికి అవసరమైతే మార్ఫిన్ వాళ్ల ద్వారా దొరుకుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే నడుం దగ్గర పుండ్లు పడతాయి. కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చెంచాతో జావ పట్టండి. పొరబోతే ఆపేయండి, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాయమని అడగండి, ఎట్లా కొట్టాలో నర్సు దగ్గర ఇద్దరు నేర్చుకోండి, ఎందుకంటే ఒకరు నిద్రపోవాలి.